ఒకే బల్ల మీద రెండు కాన్‌స్టెలేషన్లు: నల్లగొండ నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులో రెండు చేతి గడియారాలున్నాయి. రెండింటి డయల్ మీదా ఒమేగా కాన్‌స్టెలేషన్ అనే ఉంది. ఒమేగా స్విస్ కంపెనీ, కాన్‌స్టెలేషన్ దాని మోడల్. ఒకటి మిర్యాలగూడలోని ఒక కుటుంబంలో తాత కట్టుకున్నది. ఆయన పోయాక ఆగిపోయి, చాలా ఏళ్లు బీరువాలోనే ఉంది. రెండోది ఆయన పెద్ద మనవడు ఆన్‌లైన్‌లో 85 వేల రూపాయలు పెట్టి కొన్నది. నిగనిగలాడుతూ, చక్కగా నడుస్తూ ఇంటికి చేరింది. మనవళ్లు ఇద్దరు, తాత గడియారం ఒకటే. తమ్ముడి పెళ్లి దగ్గర పడింది, జోడీ ఉంటే చెరొకటి కట్టుకోవచ్చని పెద్దవాడి ఆలోచన. నల్లగొండ క్లాక్ టవర్ సెంటరు దగ్గరున్న నా దుకాణానికి రెండూ తెచ్చి అతను అడిగింది ఇది: "అన్నా, తాతది కూడా ఈ కొత్తదానిలాగే చేసి ఇవ్వండి. డయల్ మళ్లీ వేయించండి."

పెళ్లిళ్ల కాలంలో ఈ కోరిక నాకు తరచుగా ఎదురవుతుంది. ఇంట్లోని పాత వస్తువును శుభకార్యానికి కొత్తగా చూడాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ పాత స్విస్ గడియారానికి కొత్త రంగు వేయించిన రోజున అందులో తిరిగి రానిది ఒకటి పోతుంది. అది మాటలతో చెబితే ఎవరికీ ఎక్కదు. ఈసారి అసలుదీ, రంగు వేసినదీ పక్కపక్కనే దొరికాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు తాత గడియారం

ఆ కుటుంబం చెప్పే కథ ఇది. తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టరు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ఒక కాంట్రాక్టరు ఆయనకు ఈ గడియారం బహుమతిగా ఇచ్చాడట. రుజువుగా ఒక గ్రూపు ఫోటో చూపించారు. అందులో ఆయన ఎడమ చేతికి గడియారం ఉన్న మాట నిజమే, కానీ అది ఏ కంపెనీదో ఆ ఫోటోలో ఎవరూ చెప్పలేరు. ఫోటోను రుజువుగా తీసుకునేటప్పుడు నేను చూసేవి లగ్స్ (బెల్టు తగిలించే కొమ్ములు) ఆకారం, ముళ్ళ పొడవు, తేదీ కిటికీ. ఇక్కడ ఏదీ కనిపించలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

ఇంకేమైనా కాగితాలున్నాయేమో చూడమని ఇంటికి ఫోను చేయించాను. పాత ఇన్సూరెన్సు కాగితాల మధ్య నుంచి వాళ్ల నాయనమ్మ ఒక బిల్లు తీయించి పంపింది. ఏడెన్‌లోని ఒక దుకాణం ముద్ర, 1965 సంవత్సరం, కొన్నవారి పేరు దగ్గర నాయనమ్మ సొంత అన్న పేరు. ఏడెన్ అప్పుడు బ్రిటిష్ పాలనలోని సుంకం లేని రేవు. ఓడల మీద వెళ్లేవాళ్లు, అక్కడ పని చేసేవాళ్లు గడియారాలు, రేడియోలు, కెమెరాలు అక్కడే కొనేవారు. ఫోనులో నాయనమ్మ మాట స్పష్టంగా ఉంది: "కాంట్రాక్టరు ఎవరు నాయనా? మా అన్న ఏడెన్ నుంచి తెచ్చి మా ఆయన చేతికి కట్టాడు. సాగర్‌లో నీళ్లు వదిలిన నాడు అది కట్టుకొని వెళ్లాడు, అంతవరకు నిజం."

కొన్నది 1965లో, పండుగ 1967లో. రెండు తరాలు చెప్పుకునేసరికి రెండూ కలిసి ఒకటైపోయాయి. పాత గడియారాలతో వచ్చే కథల్లో ఇలా జరగడం మామూలు. కథను నేను కొట్టిపారేయను, అలాగని దాని మీద ధర కట్టను. కాగితం, వెనుక మూత లోపలి నంబరు, మెషీను సీరియల్ నంబరు, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

ఇక్కడ చెప్పాయి. మూత లోపల 168.005. ఒమేగా 1960ల మొదట్లో తెచ్చిన ఈ నంబర్ల పద్ధతిలో 168 అంటే తేదీ ఉన్న ఆటోమేటిక్ క్రోనోమీటర్, 167 అంటే తేదీ లేని క్రోనోమీటర్. ఆటోమేటిక్ అంటే చెయ్యి కదిలితే తానే చాబీ ఎక్కేది, క్రోనోమీటర్ అంటే కచ్చితత్వానికి పరీక్ష నెగ్గినది. మెషీను 561 కాలిబర్ (మెషీను రకం నంబరు), 24 జువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు). సీరియల్ 21తో మొదలయ్యే ఎనిమిది అంకెలు. ఒమేగా సీరియళ్ల పట్టికల ప్రకారం అది సుమారు 1964 నాటిది. పట్టికల్లో ఏడాది అటూ ఇటూ కావచ్చు. 1964లో తయారై 1965లో ఏడెన్‌లో అమ్ముడుపోవడం పూర్తిగా పొసగుతుంది.

కాన్‌స్టెలేషన్ 1952లో వచ్చింది. అధికారిక పరీక్షలో నెగ్గి క్రోనోమీటర్ సర్టిఫికెట్ పొందిన ఆటోమేటిక్ మెషీన్లను అందులో పెట్టేవారు. అందుకే డయల్ మీద ఆ మాట, మెషీను మీద అయిదు స్థానాల్లోనూ (గడియారాన్ని పడుకోబెట్టి, నిలబెట్టి) ఉష్ణోగ్రత తేడాల్లోనూ సరిచేసినట్టు చెక్కిన అక్షరాలు ఉంటాయి. వెనుక మూత మీద నక్షత్రశాల బొమ్మ, దాని పైన ఎనిమిది నక్షత్రాలు. తాత గడియారం వెనుక ఆ బొమ్మ చేతి రాపిడికి కొంచెం అరిగింది కానీ నక్షత్రాలన్నీ లెక్కకు అందుతున్నాయి.

డయల్ గురించి కాస్త ఆగి చెప్పాలి, గొడవంతా దాని మీదే. సేకరించేవాళ్లు పై-పాన్ అని పిలిచే రకం ఇది. మధ్య భాగం చదునుగా ఎత్తులో ఉంటుంది, అంచు పన్నెండు పలకలుగా కిందికి వాలుతుంది. బోర్లించిన కంచం అంచును పన్నెండు ముక్కలుగా నొక్కితే ఎలా ఉంటుందో అలా. ఒక్కో పలక కలిసే చోట సన్నని గీత వస్తుంది. వెలుతురును వాలుగా పట్టి చూస్తే ఆ గీతలు కత్తి అంచులా కనిపించాలి. తాత డయల్ మీద కనిపిస్తున్నాయి. వెండి రంగు మాసి లేత పసుపు తిరిగింది, 4 గంటల దగ్గర చెమ్మ చేరి గోధుమ రంగు మరకలు పడ్డాయి. అక్షరాల్లో ఒక్కటీ చెదరలేదు. 6 గంటల కింద స్విస్ మేడ్ అని మాత్రమే ఉంది, దానికి రెండు వైపులా టి అక్షరం లేదు. ముళ్ళ మీద గానీ గంట గుర్తుల మీద గానీ చీకట్లో వెలిగే పదార్థం లేదు కాబట్టి అలాగే ఉండాలి. ప్లాస్టిక్ అద్దం కూడా అసలుదే. నడిమధ్యలో ఒమేగా గుర్తు ఎంత చిన్నదంటే, కంటికి లెన్స్ పెట్టుకుని ఎదురు వెలుతురులో వెతికితే తప్ప దొరకదు. చాబీకి పది పలకలున్నాయి, అరిగిపోయినా అసలుదే.

అందంగా లేదు, ఒప్పుకుంటాను. కానీ దీన్ని ఎవరూ ముట్టలేదు. పాత గడియారాల లోకంలో అన్నింటికన్నా అరుదైనది అదే.

రెండో గడియారం

మూత తీయకముందే అనుమానం వచ్చింది. అమ్మినవాడు 1962 నాటిదని రాసిచ్చాడు. చాబీని ముళ్ళు తిప్పే స్థానం దాకా లాగి, ఇంకొంచెం లాగితే తేదీ టక్కున ఒకటి మారింది. 561లో ఆ సౌకర్యం లేదు. అందులో తేదీ మార్చాలంటే ముళ్ళను అర్ధరాత్రి దాటించి, వెనక్కి తిప్పి, మళ్లీ దాటించాలి. చాబీ లాగితే తేదీ మారే మెషీన్లు 1960ల నడుమ వచ్చాయి. 1962 నాటి కాన్‌స్టెలేషన్‌లో అది ఉండడానికి వీల్లేదు.

తర్వాత డయల్. పన్నెండు పలకలున్నాయి కానీ గీతలన్నీ మొద్దుబారాయి. పాత పూతను మందుతో తీసేసి, పాలిష్ పట్టి, మీద కొత్త రంగు కొడితే ఆ సన్నని అంచులు నిండిపోతాయి. ఎంత మంచి పనివాడైనా దీన్ని దాచలేడు. అక్షరాల సిరా లావుగా ఉంది. నిమిషాల గీతల్లో కొన్ని గంట గుర్తుల నడిమికి సరిగా రాలేదు. అన్నింటికన్నా గట్టి సాక్ష్యం 6 గంటల దగ్గర దొరికింది. స్విస్ మేడ్‌కు రెండు వైపులా టి అక్షరం అచ్చు వేశారు. ఆ అక్షరం చీకట్లో వెలగడానికి ట్రిటియం అనే పదార్థం వాడినట్టు గుర్తు. ఈ డయల్ మీద ట్రిటియం చుక్క ఒక్కటీ లేదు, ముళ్ళూ ఖాళీ. ఏదో వేరే గడియారం డయల్‌ను నమూనాగా పెట్టుకుని మక్కికి మక్కి దించినవాడికి ఆ అక్షరం ఎందుకు ఉంటుందో తెలియదు.

మూత తీశాక మిగిలింది తేలిపోయింది. మెషీను 565. ఇదీ 24 జువెల్స్‌దే, అదే కుటుంబానికి చెందినదే, మంచి మెషీనే. కానీ ఒమేగాదే ఇంకో మోడల్ సీమాస్టర్ వంటి వాటిలో పెట్టినది, క్రోనోమీటర్ కాదు. స్థానాల్లో సరిచేసినట్టు దాని మీద రాత లేదు. డయల్ మీద మాత్రం అధికారికంగా ధ్రువీకరించిన క్రోనోమీటర్ అని ఉంది. సీరియల్ 24తో మొదలవుతోంది, అంటే 1962 కానే కాదు, ఆ దశాబ్దం రెండో సగానిది. మూత లోపలి నంబరు 166తో మొదలైంది, తేదీ ఉన్నా క్రోనోమీటర్ కాని శ్రేణి. బయట నక్షత్రశాల బొమ్మ అచ్చు పోసినట్టు మెత్తగా ఉంది, నక్షత్రాలు చుక్కలుగా కలిసిపోయాయి. చాబీ గుండ్రం, గుర్తు లేదు. కేసును, అంటే గడియారం బయటి లోహపు డబ్బాను, చక్రం మీద పెట్టి బఫింగ్ (పాలిష్) చేయడంతో లగ్స్ అంచులు కరిగి గుండ్రబడ్డాయి.

గడియారం నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెడితే రోజుకు 8 సెకన్లు ముందు. అంటే నడకలో లోపం లేదు. దాన్ని నకిలీ అనడం కూడా న్యాయం కాదు. లోపలిది ఒమేగా మెషీనే. నాలుగు గడియారాల భాగాలు ఒకచోట చేర్చి, అయిదో గడియారం పేరు పెట్టారు.

ఈ రకం పని మన దేశంలో ఎందుకు ఇంత పెరిగిందో కూడా చెప్పాలి. దశాబ్దాల పాటు స్విస్ గడియారాల దిగుమతి మీద కట్టుబాట్లు ఉండేవి, భాగాలు దొరికేవి కావు. ఒకదాని బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చక్రం) తీసి ఇంకొకదానిలో పెట్టి నడిపించడమే అప్పటి మిస్త్రీల గొప్పతనం. మహబూబ్‌నగర్‌లో నాకు పని నేర్పిన పెద్దాయన అలాంటి నేర్పరి. డయల్ మాసిపోతే రంగు వేయించడం అప్పట్లో గడియారం యజమానే కోరి చేయించుకునే సేవ. అందులో మోసం లేదు. అలా కలిపిన దానికి ఇప్పుడు సంవత్సరం, రెఫరెన్సు (మోడల్ నంబరు), క్రోనోమీటర్ పేరు తగిలించి సేకరణ ధరకు అమ్మడం దగ్గర మోసం మొదలవుతుంది. బయటి దేశాల వాళ్లు ఇలాంటి వాటన్నింటినీ బొంబాయి పేరు పెట్టి వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింతకు వాళ్లకేమీ అర్హత లేదు. 2021 నవంబరులో జెనీవాలో జరిగిన వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది వేర్వేరు భాగాలు కూర్చి తయారుచేసినదని, అందులో తమ పాత ఉద్యోగుల ప్రమేయం ఉందని 2023లో ఒమేగా కంపెనీయే ప్రకటించింది. మోసానికి ఊరు లేదు, ధర ఉంటే చాలు.

ఏం చేయాలి

రెండు డయళ్లనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి పెద్ద మనవడిని చూడమన్నాను. పలకల అంచులు చూపించాను, టి అక్షరం సంగతి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అంటే తాతది దీనిలాగా చేయమని నేను అడిగింది..." ఆ వాక్యం పూర్తి చేయనివ్వలేదు. అడగడం సహజం, చేయకపోవడం నా పని అని చెప్పాను.

తాత గడియారం విషయంలో తీసుకున్న నిర్ణయం ఇది: మెషీనును పూర్తిగా బాగుచేయాలి, డయల్‌ను ముట్టుకోకూడదు, కేసుకు బఫింగ్ చేయకూడదు, మార్చిన ప్రతి పాత భాగాన్నీ తిరిగి ఇచ్చేయాలి. నడిచే భాగాలు అరిగినప్పుడు మార్చుకోవడానికే తయారయ్యాయి, మార్చినా గడియారం అదే. డయల్ అలా కాదు. మరకల డయల్ మీద రేపు మనసు మారితే రంగు వేయించవచ్చు, వేయించాక మనసు మారితే దారి లేదు.

రిపేరు

వచ్చినప్పుడు స్థితి: చాబీ తిప్పితే నడిచేది, కాసేపటికి ఆగేది. చెయ్యి ఊపితే రోటర్ (చేతి కదలికకు తిరిగి చాబీ ఎక్కించే బరువు) గీరుకుంటున్న చప్పుడు. టైమ్‌గ్రాఫర్‌లో ఈ మెషీనుకు తగ్గ లిఫ్ట్ కోణం 49 డిగ్రీలు పెట్టి చూస్తే యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఊగే కొలత, 160 డిగ్రీల దగ్గర కొట్టుకుంటోంది. గంటకు 19,800 బీట్ల (టిక్కుల) మెషీను ఇది, ఆరోగ్యంగా ఉంటే పడుకోబెట్టినప్పుడు 270 పైన చూపాలి.

గీరుకునే చప్పుడుకు కారణం ముందే ఊహించగలిగాను. 561 కూడా చేరిన 550 కుటుంబం మెషీన్లలో రోటర్ ఇరుసు అరగడం బాగా తెలిసిన బలహీనత. ఇరుసు వదులైతే బరువైన రోటర్ ఒక పక్కకు వాలి బ్రిడ్జీని (మెషీను పై పలకను) రాస్తుంది. రాగి రంగు పూత మీద అర్ధచంద్రాకారంలో గీత పడింది. ఇరుసు మార్చాను, గీతను అలాగే వదిలేశాను. దాన్ని తుడవాలంటే పూత పోతుంది.

చాబీలోని రబ్బరు గ్యాస్కెట్టు రాయిలా గట్టిపడింది. చెమట లోపలికి వెళ్లింది ఆ దారినే. మరకలు 4 గంటల వైపు ఎందుకు పడ్డాయో కూడా దానితో అర్థమైంది. చాబీ కాడ తుప్పు పట్టింది, పక్కనున్న లివరు మీదా తుప్పు చుక్కలు. మన వైపు ఎండాకాలం గడియారం కట్టుకున్న చెయ్యి రోజంతా తడిగానే ఉంటుంది. సాగర్ పనుల దగ్గర, రాళ్ల దుమ్ములో ఆయన ఎన్ని వేసవులు దీన్ని కట్టుకున్నారో. కాడ మార్చాను, లివరును శుభ్రం చేసి అదే పెట్టాను.

ముళ్ళు తీసేటప్పుడు డయల్ మీద పలుచని ప్లాస్టిక్ పొర పరిచాను. డయల్ బయటకు వచ్చాక గాజు మూత కింద పెట్టి, అన్నీ పూర్తయ్యేదాకా దాని జోలికి పోలేదు. దుమ్ము కూడా గాలి బుడ్డితో మాత్రమే ఊదాను. పాత లక్క పొర పెచ్చులూడే దశలో ఉంటే మెత్తటి బ్రష్షు తగిలినా అక్షరం లేచిపోతుంది.

మిగతా పని ఎప్పటిలాంటిదే. విడదీయడం, అల్ట్రాసోనిక్‌లో కడగడం, జువెల్స్ రంధ్రాలను పుల్లతో తుడవడం, గడియారాన్ని నడిపించే మెయిన్‌స్ప్రింగ్ కొత్తది వేయడం. నూనెల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. వేగంగా తిరిగే చక్రాల కొసలకు మోబియస్ కంపెనీ 9010 నూనె, నెమ్మదిగా బరువు మోసేవాటికి చిక్కటి నూనె, ప్యాలెట్ రాళ్లకు 9415, ఆటోమేటిక్ కాబట్టి మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా (బ్యారెల్) గోడకు 8217 గ్రీజు. ఆటోమేటిక్‌లో మెయిన్‌స్ప్రింగ్ నిండాక గోడ వెంట జారాలి. ఆ జారుడు సరిగా లేకపోతే ముందే జారిపోయి చాలినంత చుట్టుకోదు, లేదా పట్టేసి బ్యాలెన్స్‌ను అతిగా కొట్టిస్తుంది. ఒకే నూనె సీసాతో అన్నింటికీ సరిపెట్టే దుకాణాల నుంచి వచ్చిన గడియారాలను మళ్లీ విప్పి కడగడంలో నా సమయం చాలా పోతుంది.

కూర్చిన తర్వాత పూర్తిగా చాబీ ఇచ్చి చూస్తే యాంప్లిట్యూడ్ డయల్ పైకి ఉన్నప్పుడు 285, నిలువుగా పెడితే 250కి దగ్గర. హంస మెడలా వంగిన స్ప్రింగుతో సన్నగా సరిదిద్దే ఏర్పాటు ఈ మెషీనులో ఉంది. దానితో రోజుకు సుమారు 5 సెకన్లు ముందు ఉండేలా పెట్టాను. ఈనాటి స్విస్ క్రోనోమీటర్ ప్రమాణం సగటున రోజుకు 4 సెకన్లు వెనక నుంచి 6 సెకన్లు ముందు వరకు. సాగర్ పని చూసిన మెషీను ఇన్నేళ్ల తర్వాత నా బల్ల మీద అదే లెక్కలోకి వచ్చింది. ఆ రీడింగు తెర మీద నిలిచినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకే పనిలోనూ కలగదు.

అద్దం గీతలను పేస్టుతో చేత్తోనే తగ్గించాను. మార్చి ఉంటే మధ్యలోని గుర్తున్న అద్దం పోయేది. కేసును సబ్బు నీళ్లతో కడిగి తుడిచాను, అంతే.

ధర, కాగితం

తాత గడియారానికి రెండు పేజీల నివేదిక రాసిచ్చాను. రెఫరెన్సు, కాలిబర్, సీరియల్, డయల్, కేసు స్థితి, మార్చిన భాగాల జాబితా, ఏడెన్ బిల్లు నకలు, మూత లోపలి ఫోటో అందులో ఉన్నాయి. సాగర్ కథను కుటుంబం చెప్పిన మాటగానే రాశాను, బిల్లు తేదీని దాని పక్కనే పెట్టాను. పాత కాడ, ఇరుసు, మెయిన్‌స్ప్రింగ్ ఒక సంచీలో వేసి జత చేశాను. ఏడెన్ బిల్లు దొరకడం చాలా గొప్ప విషయం. మన ఇళ్లలో గడియారం మిగులుతుంది, కాగితం మిగలదు. బంగారు కేసులైతే గడియారమూ మిగలదు. కేసు కరిగించి కమ్మలో ఉంగరమో చేయించుకుని, మెషీనును మాత్రం అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చేవాళ్లను ఈ జిల్లాలో చాలామందిని చూశాను. అవసరం అలాంటిది, వాళ్లను ఏమీ అనలేము. అయినా అలాంటి అగ్గిపెట్టె తెరిచినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

రెండో గడియారానికీ నివేదిక రాశాను. దానితో పెద్ద మనవడు అమ్మినవాడిని అడిగితే, కొంత డబ్బు వెనక్కి ఇస్తాను, గడియారం ఉంచుకోమన్నాడు. ఇతను ఒప్పుకున్నాడు. మంచి మెషీను కాబట్టి రోజూ కట్టుకోవడానికి పనికొస్తుంది. ఎప్పుడైనా అమ్మితే నా నివేదికతోనే అమ్ముతానని మాట ఇచ్చాడు. లేకపోతే ఇదే గడియారం ఇంకో పేరుతో ఇంకో ఇంటికి చేరుతుంది.

తాత గడియారం పెళ్లినాడు తమ్ముడు కట్టుకున్నాడు, మరకలతోనే. ఇకపై ఏటా వానలకు ముందు గ్యాస్కెట్టు పరీక్ష చేయించాలని, కొత్త గ్యాస్కెట్టు ఉన్నా నీళ్లలో ముంచవద్దని, అయిదారేళ్లకు ఒకసారి నూనె మార్పించాలని చెప్పి పంపాను.

జోడీ కోరిక మాత్రం పోలేదు. పెద్దవాడు ఇప్పుడు తేదీ లేని 167.005 కోసం వెతుకుతున్నాడు, కొనే ముందు ఫోటోలు నాకు పంపుతున్నాడు. ఈ మధ్య పంపినదాని డయల్ అంచులు పదునుగానే ఉన్నాయి, చాబీ పది పలకలదే, మెషీను 551 అని అమ్మే మనిషి అంటున్నాడు. మూత లోపలి ఫోటో, సీరియల్ ఫోటో ఇంకా పంపలేదు. అవి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వవద్దని చెప్పాను.